పద్దులు 94, అయినా అన్నిటికన్నా పెద్ద పద్దు ‘ఇతరములు’: ఇంటి లెక్కల వర్గీకరణపై సలహా కావాలి

నాగావళి గట్టు (శ్రీకాకుళం), ఆదివారం ఉదయం 7.15

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళానికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. గత ఏడాది ఏప్రిల్ 1 నుంచి ఇంటి లెక్కలన్నీ కంప్యూటరులో లెక్కలు రాసే ప్రోగ్రాం గ్నూక్యాష్‌లో రాస్తున్నాను. రోజూ రాశానని చెప్పలేను గాని ఏ వారమూ తప్పలేదు. పద్దులు ఎంత వివరంగా పెడితే లెక్క అంత బాగా తెలుస్తుందని మొదట్లో అనుకున్నాను. అందుకే కిరాణా కింద బియ్యం, పప్పులు, నూనెలు, పోపు సామాను, సబ్బులు, అగరువత్తులు అని, కూరగాయల కింద సంత వేరు, వీధిలోకి వచ్చే బండి వేరు అని పెట్టుకుంటూ పోయాను. నిన్న లెక్కపెడితే 94 తేలాయి. 2,340 రూపాయల కిరాణా బిల్లును తొమ్మిది వరుసలుగా విడగొట్టి రాస్తూ కూర్చుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

ఇంత చేసి 14 నెలల నివేదిక తీస్తే, ఖర్చులలో మొదటి స్థానం ‘ఇతరములు’ది. అగరువత్తులకు ఏడాదిలో ఎంత అయిందో రూపాయితో సహా చెప్పగలను గాని, జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజుకు ఎంత మిగులుతుందో చెప్పలేకపోతున్నాను. పద్దులు తగ్గించాలా, లేక ‘ఇతరములు’ను ఇంకా విడగొట్టాలా?

పాత ఖజానా (విజయనగరం), ఆదివారం ఉదయం 9.50

అమ్మా, నేను ఖజానా శాఖలో ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. పద్దు లేని బిల్లు పాసు కాని చోట జీవితమంతా గడిపాను కాబట్టి మీ ఉత్సాహం నాకు అర్థమవుతుంది. ప్రభుత్వ లెక్కలలో ఒక ఖర్చు చిరునామా పొడవైన అంకెల వరుస. మొదటి నాలుగు అంకెలు మేజర్ హెడ్ (ప్రధాన పద్దు), ఉదాహరణకు సాధారణ విద్యకు 2202. ఆ తరువాత సబ్ మేజర్, మైనర్, సబ్ హెడ్, డిటైల్డ్ హెడ్, ఆబ్జెక్ట్ హెడ్ అని అంచెలంచెలుగా దిగితే గాని మీ జీతం బిల్లు గమ్యం చేరదు. అంత వివరం ఎందుకంటే, శాసనసభ ఏ పద్దు కింద ఎంత మంజూరు చేసిందో ఆ పద్దు కిందే ఖర్చయిందని రుజువు చూపాలి. మీ ఇంట్లో శాసనసభ లేదు కదా. (ఉన్నా, ప్రతిపక్షం మీ అత్తగారు ఒక్కరే అయి ఉంటారు.)

కాబట్టి పద్దులు ఎన్ని ఉండాలన్నది తరువాత చూద్దాం. ఈ 14 నెలలలో మీరు ఈ లెక్కల పుస్తకాన్ని నిజంగా ఏయే ప్రశ్నలు అడిగారో ముందు చెప్పండి. జవాబు చూసి మీరు ఏదైనా మానేసేవి, తగ్గించేవి, వాయిదా వేసేవి అయిన ప్రశ్నలు మాత్రమే. నూనె ఖర్చు, పప్పుల ఖర్చు విడివిడిగా తెలిసినందువల్ల మీరు ఏనాడైనా ఒక్క పని వేరుగా చేసి ఉండకపోతే ఆ రెండు పద్దులూ ఒకటే.

మూడు లాంతర్లు (విజయనగరం), ఆదివారం మధ్యాహ్నం 12.20

నేను హోంబ్యాంక్ అనే మరో లెక్కల ప్రోగ్రాం వాడుతున్నాను. దానిలో వర్గం, ఉపవర్గం అని రెండే అంచెలు ఉంటాయి. మొదట అది లోపమనుకున్నాను గాని, మూడో అంచెకు వీలు లేకపోవడమే నన్ను కాపాడిందని ఇప్పుడు అనిపిస్తోంది.

మేడమ్ గారూ, గ్నూక్యాష్‌లో పద్దులు కలపడం కష్టమేమీ కాదు. ‘పప్పులు’ అనే ఖాతాను తొలగించబోతే, అందులోని లావాదేవీలను ఏ ఖాతాకు మార్చాలని అదే అడుగుతుంది. ‘కిరాణా’ను చూపిస్తే పాత రాతలన్నీ అక్కడికి చేరతాయి, ఒక్క రూపాయి కూడా పోదు. ఆ పని మొదలుపెట్టే ముందు ఫైలుకు ఒక నకలు తీసి వేరే చోట దాచుకోండి. కలిపిన తరువాత, పైన ఉండే ‘ఖర్చులు’, ‘ఇల్లు’ వంటి తల్లి ఖాతాలకు ప్లేస్‌హోల్డర్ అనే గడిలో టిక్కు పెట్టండి. అప్పుడు పొరపాటున కూడా వాటిలో నేరుగా రాయడానికి వీలుండదు.

మరో సంగతి. బ్యాంకు స్టేట్‌మెంటును సి.ఎస్.వి. (పట్టిక రూపంలోని ఫైలు)గా దింపుకొని ఎక్కిస్తే పద్దు దానంతట అదే పడుతుందని చాలామంది ఆశపడతారు. పాత రాతలను బట్టి గ్నూక్యాష్ ఊహిస్తుంది, హోంబ్యాంక్‌లో మనమే నియమాలు రాసుకోవచ్చు. అయితే యు.పి.ఐ. వరుసలో ఎవరికి పంపామో మాత్రమే ఉంటుంది, ఎందుకు పంపామో ఉండదు. మా వీధి చివరి కొట్టాయన దగ్గరే పెరుగు, ఫోను రీచార్జి, పిల్లల నోటు పుస్తకాలు మూడూ కొంటాం. అటువంటి కొట్టుకు నియమం రాయకుండా, రాత్రి పడుకునే ముందు ఆ రోజు వరుసలను చేత్తోనే సర్దుతాను. ఐదు నిమిషాల పని. మర్నాటికి వదిలేస్తే గుర్తు రాక ‘ఇతరములు’లో పడతాయి.

నాగావళి గట్టు, ఆదివారం రాత్రి 8.40

పాత ఖజానా గారూ, మీ ప్రశ్న మధ్యాహ్నమంతా నన్ను వదల్లేదు. ఆలోచించగా మూడే మిగిలాయి. బంగారం తాకట్టు పెట్టకుండా జూన్ ఫీజు కట్టగలనా? అమ్మ వైద్యానికి నిజంగా ఎంత అవుతోంది? ఇక మూడోది కొంచెం సిగ్గుపడాల్సిన ప్రశ్న. నవంబరు నివేదికలో భారీ మిగులు కనిపించింది, అయినా డిసెంబరులో చేబదులు ఎందుకు అడగాల్సి వచ్చింది? నవంబరులో చీటీ పాడుకుంటే 82,000 వచ్చాయి, వాటిని ‘ఇతర ఆదాయం’లో రాశాను. నెలనెలా కట్టేది ‘ఖర్చులు: చీటీ’లో రాస్తున్నాను.

పాత ఖజానా, ఆదివారం రాత్రి 10.05

దొంగ దొరికాడు. మీ 94 పద్దులలో 93 సరిగ్గా ఉన్నా, ఈ ఒక్కటి తప్పుగా ఉంటే పుస్తకం మొత్తం అబద్ధం చెబుతుంది. చీటీ కట్టడం ఖర్చు కాదు, చీటీ పాడుకోవడం ఆదాయమూ కాదు. మీ సొమ్ము ఒక జేబులో నుంచి మరో జేబులోకి వెళ్లి, తరువాత అక్కడి నుంచి అప్పుగా తిరిగి వచ్చింది.

వివరాలు మీరు ఇవ్వలేదు కాబట్టి వాడుకలో ఉండే లెక్క ఒకటి తీసుకుంటాను. 20 మంది, 20 నెలలు, నెలకు 5,000, లక్ష రూపాయల చీటీ. 18,000 తగ్గించి పాడితే మీ చేతికి 82,000 వస్తుంది. ఆ 18,000లో నిర్వాహకుడి కమీషన్ 5,000 పోగా మిగిలిన 13,000ను 20 మందికి పంచితే తలకు 650. అంటే ఆ నెలలో మీరు కట్టేది 4,350.

ఇప్పుడు ఖర్చుల కింద కాకుండా ఆస్తుల కింద ‘చీటీ’ అని ఒక ఖాతా తెరవండి. 4,350 కట్టిన రోజున ఆ ఖాతాకు 5,000 జమ చేసి, బ్యాంకు నుంచి 4,350 తీసి, మిగిలిన 650ను ‘చీటీ లాభం’ అనే ఆదాయంలో రాయండి. పాడుకున్న రోజున బ్యాంకులోకి 82,000, ‘చీటీ పాట తగ్గింపు’ అనే ఖర్చులోకి 18,000, చీటీ ఖాతాలో నుంచి లక్ష. ఏప్రిల్‌లో మొదలైన చీటీ అయితే నవంబరు ఎనిమిదో నెల. అప్పటికి 40,000 జమ అయి ఉంటుంది, అందులో నుంచి లక్ష తీస్తే 60,000 మైనస్‌లోకి వెళుతుంది. ఆ ఎర్ర అంకెను చూసి కంగారు పడకండి. మీరు ఇంకా తీర్చవలసిన అప్పు అదే. మిగిలిన 12 నెలలూ ఐదేసి వేలు పడుతూ ఉంటే చివరి నెలకు సున్నాకు వస్తుంది. మే నెల వాయిదా కూడా కట్టి ఉంటే ఇప్పుడు 30,000 మైనస్‌లో ఉండాలి.

ఇలా రాస్తే నవంబరులో మిగులు మాయమై, దాని స్థానంలో 18,000 ఖర్చు కనిపిస్తుంది. తొందర కోసం మీరు చెల్లించిన ధర అది, మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా అదే. పాత రాతలను రిజిస్టరు తెరిచి ఒక్కొక్కటిగా దిద్దండి. పద్నాలుగు నెలవారీ కట్టుబడులు, ఒక పాట, అంతే కదా.

జీతం గురించి కూడా ఒక మాట. చేతికి వచ్చేది మాత్రమే రాస్తున్నారని నా అనుమానం. మూల వేతనం, డి.ఎ. కలిపి 60,000, ఇంటి అద్దె భత్యం 6,000 అనుకుంటే స్థూల జీతం 66,000. అందులో సి.పి.ఎస్. (ఉద్యోగి వాటా కట్టే పింఛను పథకం) 10 శాతం అంటే 6,000, ఎ.పి.జి.ఎల్.ఐ. (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా) 2,000, వృత్తి పన్ను 200 పోతే బ్యాంకులో పడేది 57,800. ఆ 6,000 ఖర్చు కాదు, మీ వృద్ధాప్యానికి దాచినది, కాబట్టి ఆస్తుల కిందకు వెళ్లాలి. ఒక నెల ఈ రాతను పూర్తిగా రాసి షెడ్యూల్డ్ లావాదేవీగా (నెలనెలా దానంతట అదే పడే రాతగా) పెట్టుకుంటే తరువాత డి.ఎ. మారినప్పుడు తప్ప ముట్టుకోనక్కరలేదు. ఫారం 16 (ఏడాది జీతం, దానిపై కోసిన పన్ను చూపే పత్రం) వచ్చినప్పుడు పోల్చి చూసుకోవడానికి కూడా స్థూల జీతమే అక్కరకొస్తుంది.

బొబ్బిలి కోడలు (బొబ్బిలి), సోమవారం ఉదయం 11.30

పెద్దవారితో వాదించడం కాదు గాని, నాకు ఈ పద్ధతి మింగుడు పడలేదు. ప్రతి నెలా 5వ తేదీన నా పర్సులో నుంచి చీటీ డబ్బు పోతుంది. ఆ రోజు నాకు అది ముమ్మాటికీ ఖర్చే. దాన్ని ఆస్తి అని పిలిస్తే ఆ నెలకు సరుకుల డబ్బు ఎంత ఉందో నాకెలా తెలుస్తుంది?

అలాగే చదివింపుల సంగతి ఏమిటి? మా అత్తగారి దగ్గర అట్ట చిరిగి, మూలలు నూనె మరకలతో పసుపెక్కిన ఒక పొడుగాటి పుస్తకం ఉంది. అందులో మా ఆడపడుచు పెళ్లికి ఎవరు ఎంత చదివించారో ఊరి పేరు, ఇంటి పేరుతో సహా రాసి ఉంటుంది. ఏ పెళ్లికైనా బయలుదేరే ముందు ఆ పుస్తకం తీసి చూసి, వారు 516 ఇచ్చి ఉంటే మేము దానికి తగ్గకుండా ఇస్తాము. మరి ఇది అప్పు తీర్చడమా, ఖర్చా?

పాత ఖజానా, సోమవారం మధ్యాహ్నం 1.15

మీ మొదటి అభ్యంతరం న్యాయమైనదేనమ్మా. నెలకు చేతిలో ఎంత ఆడుతుందన్నది ఒక లెక్క, ఏడాదికి ఇల్లు ఎంత ఎదిగిందన్నది మరో లెక్క. మీరు అడుగుతున్నది మొదటిది. గ్నూక్యాష్ బడ్జెట్టులో ఆస్తి ఖాతాలకు కూడా అంకె పెట్టవచ్చు కాబట్టి, చీటీకి నెలకు 5,000 అని అక్కడ పెట్టుకుంటే సరుకుల డబ్బు నుంచి విడిగా కనిపిస్తుంది. ఖాతా స్వభావాన్ని మాత్రం మార్చకండి.

చదివింపులు ఖర్చే. తిరిగి వస్తాయన్న నమ్మకం ఉన్నా, ఎప్పుడు, ఎంత అన్నది మన చేతిలో లేదు, గట్టిగా అడిగే హక్కు అంతకన్నా లేదు. అటువంటిదాన్ని రావలసిన బాకీగా చూపితే ఆస్తి ఉబ్బినట్లు కనిపిస్తుంది. అత్తగారి పుస్తకాన్ని మాత్రం పారేయవద్దు. కంప్యూటరులో రాసేటప్పుడు వివరం గడిలో ఊరి పేరు, ఇంటి పేరు ఒకే పద్ధతిలో రాస్తూ ఉంటే, పదేళ్ల తరువాత వెతికినా క్షణంలో దొరుకుతుంది.

కొబ్బరి నీడ (ఉద్దానం), సోమవారం రాత్రి 9.00

ఉద్యోగస్తుల చర్చలో రైతు తలదూర్చవచ్చా? మాకు పలాస దగ్గర జీడితోట, కొంత కొబ్బరి ఉన్నాయి. జీడి డబ్బు వేసవిలో ఒక్కసారే వస్తుంది, మిగతా నెలలలో పోయేదే ఎక్కువ. నెలవారీ బడ్జెట్టు పెడితే పది నెలలు ఎర్రగా, రెండు నెలలు పచ్చగా ఉంటుంది, దానివల్ల నాకు తెలిసేది ఏమీ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి చెట్లు కూల్చేశాక మళ్లీ మొక్కలు నాటి, కంచె వేసి, నీళ్లు తోలించాము. ఆ డబ్బును కూలి, ఎరువుల పద్దులోనే కలిపి రాశాను. దానివల్ల ఆ రెండేళ్లు వ్యవసాయం శుద్ధ దండగ అన్నట్లు కనిపిస్తుంది. పంట రుణం, ఇంటి సరుకులు అన్నీ ఒకే సంచిలో ఉన్నాయి.

పాత ఖజానా, మంగళవారం ఉదయం 6.30

తప్పకుండా తలదూర్చాలి బాబూ, అసలు లెక్క మీదే. ప్రభుత్వ పద్దులలో 2తో, 3తో మొదలయ్యేవి రెవెన్యూ ఖర్చులు, 4తో, 5తో మొదలయ్యేవి మూలధన ఖర్చులు. రోడ్డుకు గుంతలు పూడిస్తే ఒక పద్దు, కొత్త రోడ్డు వేస్తే వేరే పద్దు. ఏటా పెట్టే ఎరువు, కలుపు కూలి, కాయ ఏరే కూలి గుంతల పూడిక వంటివి. మొక్కలు నాటి, కాపుకు వచ్చేదాకా పెట్టినది కొత్త రోడ్డు. దానిని ఆస్తుల కింద ‘తోట అభివృద్ధి’లో రాసి ఉంటే మీ తోట మీకు అంత దండగగా కనిపించేది కాదు. గ్నూక్యాష్‌లో ప్రతి ఖాతాకూ కోడ్ అని ఒక గడి ఉంటుంది. మీరూ 2తో ఏటి ఖర్చులు, 4తో మూలధనం అని అంకె వేసుకుంటే వరుసలో విడివిడిగా నిలబడతాయి. (ఇది నా పాత జబ్బు, అక్కరలేదనుకుంటే వదిలేయండి.)

ఖర్చుల కింద మొదటి అంచెలోనే ‘ఇల్లు’, ‘తోట’ అని రెండుగా చీల్చండి. పంట రుణంలో అసలు కట్టడం ఖర్చు కాదు, వడ్డీ మాత్రమే ఖర్చు. ఆ వడ్డీకి విడిగా ఒక పద్దు తప్పనిసరి, ఎందుకంటే నిర్ణీత పరిమితి లోపు రుణానికి 7 శాతం వడ్డీలో, గడువులోగా తీర్చినవారికి 3 శాతం రాయితీ దక్కుతుంది. గడువు తప్పితే ఎంత పోయిందో ఆ పద్దు మీకు చూపిస్తుంది. బడ్జెట్టును నెలకు కాక ఏడాదికి పెట్టండి, లేదా మూడు నెలలకు ఒకటి చొప్పున.

మూడు లాంతర్లు, మంగళవారం మధ్యాహ్నం 2.10

కొబ్బరి నీడ గారూ, ఇంకో చిట్కా. జీడి డబ్బు రాగానే బ్యాంకు ఖాతా కిందనే ‘ఇంటి ఖర్చు’, ‘వచ్చే పంట’, ‘సంక్రాంతి’ అని ఉపఖాతాలు తెరిచి పంచేయండి. నిజంగా బ్యాంకులో ఉన్నది ఒకే ఖాతా, పంపకం పుస్తకంలో మాత్రమే. స్టేట్‌మెంటుతో సరిచూసేటప్పుడు తల్లి ఖాతాను తీసుకొని, ఉపఖాతాలను కూడా కలుపుకోమంటే నిల్వ సరిపోతుంది. మేడమ్ గారి ఫీజుకు కూడా ఇదే మందు.

మా ఇంట్లో ఏటా తగవు వచ్చేది పండగ దగ్గర. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను పండగకు చుట్టాలందరూ మా ఇంట్లోనే దిగుతారు. ఆ వారం కొన్న బియ్యం కిరాణానా, పండగా? కొత్త బట్టలు బట్టలా, పండగా? నేను ‘పండగ’ అనే పద్దును తీసేశాను. బియ్యం ఎప్పుడు కొన్నా కిరాణాయే. దానికి ‘పైడితల్లి’ అనే ట్యాగు తగిలిస్తాను, పండగ మొత్తం ఎంతైందో ట్యాగు చెబుతుంది. గ్నూక్యాష్‌లో అయితే నోట్స్ గడిలో అదే మాట రాసి, లావాదేవీల నివేదికలో ఆ మాటతో వడకట్టవచ్చు.

బొబ్బిలి కోడలు, మంగళవారం సాయంత్రం 5.45

ఇక్కడ నేను ఒప్పుకోను. పండగను పద్దుగా పెడితేనే, ఈసారి చీరలు తగ్గిద్దామన్న మాట ఇంట్లో వస్తుంది. కిరాణాలో కలిపేస్తే, కిరాణా ఎందుకు పెరిగిందని నన్నే నిలదీస్తారు.

పాత ఖజానా, మంగళవారం రాత్రి 7.20

ఇద్దరూ సరిగ్గానే చెబుతున్నారు, ఎందుకంటే ఇద్దరి ప్రశ్నలు వేరు. మా ఇంట్లో నేను పై అంచెలో మూడే పెట్టుకున్నాను. నిత్యం, నైమిత్తికం, కామ్యం. పూజకు మన పెద్దలు చేసిన విభజనే డబ్బుకూ సరిపోయింది. పాలు, బియ్యం, కరెంటు, బి.పి. మాత్రలు నిత్యం. ఏదో ఒక నిమిత్తం వచ్చి పడేవి, అంటే పండగ, ఫీజు, బీమా, జ్వరం, చదివింపులు నైమిత్తికం. ఇక కోరి చేసేవి కామ్యం. నిత్యాన్ని నెలకు లెక్కిస్తాను, నైమిత్తికాన్ని ఏడాదికి లెక్కించి పన్నెండుతో భాగిస్తాను, కామ్యాన్ని మిగిలినదానిలో నుంచి మాత్రమే చేస్తాను. దీని కింద బొబ్బిలి కోడలు గారు పండగను నైమిత్తికంలో ఒక పద్దుగా ఉంచుకోవచ్చు, నిలదీసేవారికి జవాబు కూడా దొరుకుతుంది.

నాగావళి గట్టు, ఆదివారం మధ్యాహ్నం 3.30

వారం పట్టింది. ఇప్పుడు ఖర్చుల కింద 19 పద్దులు మిగిలాయి. చీటీని దిద్దేసరికి నవంబరు మిగులు నిజంగానే ఎగిరిపోయింది, చీటీ ఖాతాలో సరిగ్గా 30,000 ఎర్రగా నిలిచింది. నేను వివరాలు చెప్పకుండానే పాత ఖజానా గారు నా చీటీనే లెక్క కట్టారు.

‘ఇతరములు’ను తవ్వితే అందులో ఎక్కువ భాగం ఏ.టి.ఎం.లో తీసిన నగదు. తీసిన రోజునే మొత్తాన్ని ఖర్చుగా రాసేశాను. ఇప్పుడు ‘చేతి నగదు’ అని ఆస్తి ఖాతా పెట్టి, ఆదివారం పర్సు లెక్కపెట్టి, తేడాను చిల్లర ఖర్చులో రాస్తున్నాను. రెండో ప్రశ్నకు జవాబు మాత్రం నన్ను కాసేపు కుర్చీలో నుంచి లేవనివ్వలేదు. అమ్మ మందుల పద్దు చూసి తక్కువే అవుతోందనుకున్నాను. కాని పరీక్షల కోసం విశాఖ తీసుకువెళ్లిన ప్రతిసారీ బస్సు, ఆటో, హోటలు భోజనం, ఒక్కోసారి గది అద్దె వేరువేరు పద్దులలో చెదిరిపోయి ఉన్నాయి. వాటిని ‘అమ్మ ఆరోగ్యం’ కిందకు చేర్చితే మందుల ఖర్చుకు దాదాపు రెండింతలు అయింది. వచ్చే నెల పరీక్షలు ఇక్కడే చేయించవచ్చేమో డాక్టరు గారిని అడగాలనుకుంటున్నాను.

ఒక చిన్న సందేహం. ఖాతాల పట్టికలో అట్టడుగున ‘ఇంబాలెన్స్-ఐ.ఎన్.ఆర్.’ అని నేను పెట్టని ఖాతా ఒకటి 460 రూపాయలతో కనిపిస్తోంది. దానిని తొలగించవచ్చా?

పాత ఖజానా, ఆదివారం సాయంత్రం 4.10

తొలగించకండి. మా భాషలో అది అనామతు ఖాతా, ప్రభుత్వ పద్దులలో 8658. రెండో వైపు రాయకుండా వదిలేసిన లావాదేవీని గ్నూక్యాష్ తనంతట తానే అక్కడ నిలబెడుతుంది. తెరిచి చూస్తే ఏ తేదీదో తెలుస్తుంది. దాన్ని సరైన పద్దుకు మార్చగానే నిల్వ సున్నా అవుతుంది.

నాగావళి గట్టు, ఆదివారం సాయంత్రం 4.25

దొరికింది. ఫిబ్రవరి 11న గ్యాసు పొయ్యి మరమ్మతు. పాలు పొంగి బర్నరు మూసుకుపోయినప్పుడు చేయించినది.